జూన్‌లో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్: గొండోలా (కేబుల్ కార్) కాక ఇంకేం చేయొచ్చు?

ప్రశ్న: అమ్మానాన్నలకి 65 దాటాయి, పాపకి ఐదేళ్లు. స్కీయింగ్ ఉండని రోజుల్లో ఒక పూట ఎలా గడపాలో చెప్పండి.

జవాబు 1: గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. రెండు దశలకీ వేర్వేరు టికెట్లు. మొదటి దశ కొంగ్‌దూరి వరకు, సుమారు 3,080 మీటర్లు. రెండోది అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకి చేరుస్తుంది. నిమిషాల్లో అంత ఎత్తుకి పోతే తలనొప్పి, ఆయాసం వస్తాయి, ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు కదా. పెద్దవాళ్లకీ పాపకీ కొంగ్‌దూరి చాలు, నా మాట వినండి. గాలి గట్టిగా వీస్తే పై దశ ఆపేస్తారు, మధ్యాహ్నానికి మబ్బూ కమ్ముతుంది. పొద్దున్నే వెళ్లండి.

జవాబు 2: గుల్‌మార్గ్ చుట్టూ ఔటర్ సర్కిల్ దారి ఉంది, పైన్ చెట్ల మధ్య సుమారు 11 కిలోమీటర్లు. మొత్తం అక్కర్లేదు, కొంత నడిచి వెనక్కి రండి. ఆకాశం తేటగా ఉంటే నంగా పర్బత్ శిఖరం కనిపిస్తుంది. గడ్డి పైకి ఆరినట్టే ఉంటుంది, కాలు పెడితే కింద బురద చివ్వున పైకొస్తుంది. చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే వేయండి.

గుర్రపు స్వారీ చేయాలనుకుంటే, ఎక్కేముందే ఎక్కడిదాకా, ఎంతసేపు, తిరుగు ప్రయాణంతో కలిపి ఎంత అన్నది తేల్చుకోండి.

జవాబు 3: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదండీ, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఫోన్ పనిచేయకపోతే ఇబ్బంది కాబట్టి టికెట్ల ప్రింట్ ఇంటి దగ్గరే తీసుకోండి.