అప్‌డేట్: క్యూ3నా, ఎక్స్1నా? దాదాపు తేలింది

మొన్న నేనడిగింది ఇదీ: ఉండేది బెజవాడలో. అమ్మానాన్న, మేమిద్దరం, పాప. ఐదుగురికీ ఆడి క్యూ3, బీఎండబ్ల్యూ ఎక్స్1, బెంజ్ జీఎల్‌ఏలలో ఏది నయం? ముందు పెద్దవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టి చూడమని చాలామంది చెప్పారు. అదే చేశాను.

జీఎల్‌ఏ ముందే పోయింది. మూడింట్లో చిన్న డిక్కీ దానిదే.

క్యూ3 నాకు తెగ నచ్చింది. 2 లీటర్ల పెట్రోల్, 190 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటేనే తెలిసిపోతుంది. డిక్కీ 530 లీటర్లు. కానీ వెనక మధ్యలో, కాళ్ల దగ్గర ఎత్తుగా గట్టులా ఉంది, మధ్యలో కూర్చున్నవాళ్లకు ఇబ్బందే.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎక్స్1లో కుచ్చిళ్లు సర్దుకుని, పైన హ్యాండిల్ పట్టుకుని, మా ఆవిడ చెయ్యి అందుకోకుండానే ఎక్కి కూర్చుంది. నాకు సగం టెన్షన్ అక్కడే తీరింది. నాన్నగారు మాత్రం "ఈ డబ్బుకి ఇన్నోవా వస్తుంది కదరా" అంటూనే ఉన్నారు. ఆయన మాటా తీసిపారేసేది కాదు.

ఎక్స్1 పెట్రోల్ మూడు సిలిండర్ల 1.5 లీటర్. వన్‌టౌన్ సందులకు చాలు. మేం తరచూ హైదరాబాద్ వెళ్తాం కాబట్టి 2 లీటర్ల డీజిల్ వైపే మొగ్గాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్ పోయి జీఎస్టీ 40 శాతమే అయింది, అదొక ఊరట. బీమా, అదనపు వారంటీ దగ్గర బేరం ఇంకా తెగలేదు.

డీజిల్ ఎక్స్1 నడుపుతున్నవాళ్లు టైర్ల ఖర్చు ఎంతవుతోందో కాస్త చెప్పండి.