కర్బీ ఫెంటాస్టిక్ ఫోర్ ‘గీశాడా’, ‘రాశాడా’?

ప్రశ్న:
అమెరికన్ కామిక్స్ చిత్రకారుడు జాక్ కర్బీ మీద తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నానండీ. "ఫెంటాస్టిక్ ఫోర్ స్టాన్ లీ రాశాడు, కర్బీ గీశాడు" దగ్గర కలం ఆగింది (ఫెంటాస్టిక్ ఫోర్ అంటే మార్వెల్ కంపెనీ సూపర్‌హీరో కామిక్, లీ అక్కడి రచయిత). రమణ రాత, బాపు గీత అని మనకు అలవాటైన జోడీ ఉంది కదా, ఇక్కడ ఎందుకో అతకడం లేదు. వేరే క్రియ ఏదైనా ఉందా?

జవాబు:
అతకదు లెండి. మనకు అలవాటైన వరసలో రాత ముందు, గీత తర్వాత. 1960ల మార్వెల్‌లో అది తిరగబడింది. లీ కథను క్లుప్తంగా చెప్పేవాడు, ఒక్కోసారి నోటిమాటగానే. ఏ సన్నివేశం ఎన్ని పేజీలు సాగాలి, ఎవరెక్కడ తన్నుకోవాలి అన్నది కర్బీయే తేల్చుకుని బొమ్మలు వేసేవాడు. ఎవరేం అంటున్నారో అంచుల్లో పెన్సిల్‌తో సూచనలు కూడా రాసేవాడు. లీ మాటలు నింపడం ఆ తర్వాతే. 1966లో గెలాక్టస్ అనే విలన్ కథ పేజీలు లీ చేతికొచ్చేసరికి, సర్ఫింగ్ పలకెక్కి ఆకాశంలో తిరిగే వెండి మనిషి ఒకడు కనబడ్డాడు. లీ చెప్పిన కథలో వాడు లేడు! లోకాలు మింగేవాడికి ముందు నడిచే దూత ఉండాలని కర్బీకి తోచింది, వేసేశాడు. సిల్వర్ సర్ఫర్ పుట్టింది అలా.

జవాబు:
అయితే పాతమాటే పనికొస్తుంది: వ్రాయు. బ్రౌన్ నిఘంటువులో ఈ క్రియకు అక్షరం రాయడం, బొమ్మ వేయడం రెండర్థాలూ ఉన్నాయి. ‘చిత్తరువు వ్రాయు’ అన్న కావ్యప్రయోగం తెలిసిందే. రాతను అక్షరాలకే కట్టేసింది మన వాడుక. శ్రీకాళహస్తి కలంకారీకి ఇప్పటికీ ‘వ్రాతపని’ అనే పేరు. బందరు వైపు అచ్చులతో చేసేది అద్దకం. కాళహస్తి గుడ్డ మీద రామాయణం గళ్లుగళ్లుగా సాగుతుంది, కింద తెలుగులో వివరం ఉంటుంది. కామిక్ పేజీకి అంతకంటే దగ్గరి చుట్టం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు:
మాట బాగుంది కానీ, మాస్టారూ, లీకి అన్యాయం చేయకండి. 1970లో కర్బీ పోటీ కంపెనీ డీసీకి వెళ్లి న్యూ గాడ్స్, మిస్టర్ మిరకిల్ వగైరా కామిక్స్ తనే రాసుకుని తనే వేశాడు. డార్క్‌సైడ్ లాంటి పాత్ర వచ్చింది, నిజమే. సంభాషణలు మాత్రం నా చెవికి కర్రల్లా తగులుతాయి. ఫెంటాస్టిక్ ఫోర్‌లోని బెన్ గ్రిమ్ రూపం, కోపం కర్బీవే కావచ్చు. వాడి వెటకారం లీ కలానిది. అన్నీ ‘వ్రాయు’లో కలిపేస్తే ఆ తేడా చెరిగిపోతుంది.

జవాబు:
తేడా ఉండాల్సిందే. కానీ ‘గీశాడు’ అన్న చిన్న మాట ఖరీదు కూడా చూడండి. 1917లో న్యూయార్క్ పేదవాడలో జేకబ్ కర్ట్జ్‌బర్గ్‌గా పుట్టినవాడు. జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాను సృష్టించి, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే అట్ట మీద హిట్లర్ దవడ పగలగొట్టించాడు. తర్వాత తనే సైనికుడై యూరప్ వెళ్లాడు. హల్క్, థోర్, ఎక్స్‌మెన్, బ్లాక్ పాంథర్ అన్నిటి పుట్టుకలోనూ ఆ చెయ్యి ఉంది. అయినా తను వేసిన అసలు పేజీలు వెనక్కి ఇప్పించుకోవడానికే 1980ల్లో మార్వెల్‌తో పెద్ద పోరాటం అయింది. 1994లో పోయాడు. హక్కుల కోసం వారసులు వెళితే, అది కిరాయికి చేసిన పని, హక్కులు కంపెనీవే అని 2011లో ఒక కోర్టు, 2013లో పై కోర్టు తేల్చాయి. 2014లో, అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోవాలా వద్దా అని చూడబోయే ముందు, రాజీ కుదిరింది. అప్పటినుంచి లీ పక్కన కర్బీ పేరు కూడా సృష్టికర్తగా పడుతోంది.

ప్రశ్న అడిగినవారు:
సరేనండీ, ఇలా మారుస్తున్నాను: "పాత్రల సృష్టి: లీ, కర్బీ. కథనం, బొమ్మలు: కర్బీ. మాటలు: లీ." ‘వ్రాతపని’ని వ్యాసం లోపల వాడుకుంటాను. ఇక కర్బీ పెన్సిల్ గీతల మీద సిరా దిద్దిన జో సిన్నాట్‌కు ఏ మాట వాడాలో చెప్పండి. ‘ఇంకర్’ అనే ఉంచేయనా?