"అరుదు" ఒక్కటే సరిపోతుందా? ఒక పురుగు గురించి చర్చ

అందరికీ నమస్తే. హన్మకొండలో మా బడి గోడపత్రికకు యూరప్‌లోని స్టాగ్ బీటిల్ గురించి రాస్తున్నాను. మగపురుగుకు దుప్పి కొమ్ముల్లా ముందుకు పొడుచుకొచ్చిన దవడలుంటాయి. "కొమ్ము పురుగు" అందామంటే ఆ పేరు కొబ్బరి మొవ్వును తొలిచే పురుగుకు ఎప్పుడో స్థిరపడింది. అందుకే "దుప్పికొమ్ము పురుగు" అని పెట్టాను. పేరుతో పేచీ లేదు. దాని స్థితి చెప్పే మాట దగ్గరే ఆగిపోయాను.

మన పత్రికల్లో ఏ జీవి గురించైనా "అరుదైన" అనో "అంతరించిపోతున్న" అనో రాసేస్తారు. ఈ పురుగుకు ఆ రెండూ అతకవు. ఏ జీవి అంతరించే ముప్పుకు ఎంత దగ్గర్లో ఉందో చెప్పే 2010 నాటి యూరప్ ఎర్ర జాబితా దీన్ని "ముప్పుకు దగ్గర్లో ఉన్న" తరగతిలో పెట్టింది. అంటే ముప్పులో పడినవాటి కంటే ఒక మెట్టు ఇవతల. ప్రాంతాన్ని బట్టి చూస్తే లెక్క మారిపోతుంది. దక్షిణ లండన్‌లో ఇళ్ల పెరళ్లలోనే కనిపిస్తుంది. డెన్మార్క్‌లో 1970 ప్రాంతానికే పూర్తిగా పోయింది, 2013లో మళ్లీ తెచ్చి వదిలారు. ఎక్కడ అన్నది చెప్పకుండా "అరుదు" అంటే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది?

ఇంకో చిక్కు కాలానిది. దీని పిల్లపురుగు మట్టిని అంటుకుని కుళ్లుతున్న మోడుల్లో, వేళ్లలో మూడు నుంచి ఏడేళ్ల దాకా ఆ చెక్కనే తింటూ పెరుగుతుంది. రెక్కలొచ్చి బయటికొచ్చాక బతికేది ఎండాకాలంలో కొన్ని వారాలే. మన ఆరుద్ర పురుగు కూడా అంతే కదా, తొలకరికి నేల మీదికొచ్చి నాలుగు రోజులు కనిపించి మళ్లీ మట్టిలోకి పోతుంది. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. ఇలాంటిదానికి "అడపాదడపా కనిపించేది" అన్నదే నప్పుతుంది. చోటు సంగతైతే "అక్కడక్కడ" ఉంది. "అరుదు" ఈ రెంటినీ ఒకే గంపలో వేస్తుంది. మీరేమంటారు?

వ్యాఖ్య: సార్, డెన్మార్క్ ముచ్చటకు మా నర్సంపేట దిక్కు మాట పనికొస్తది. "మందుకు సుత దొరకదు" అంటం. మా అమ్మమ్మ "కలికానికి కూడా లేదు" అనేది.

జవాబు: చాలా బాగుంది అక్కా. కంట్లో పెట్టుకునే కలికానికి కావాల్సింది రవ్వంతే, ఆ రవ్వంత కూడా లేదన్నమాట. ఒక ప్రాంతంలో పూర్తిగా పోయినదానికి ఇంతకంటే సూటిగా చెప్పలేం. పిల్లలకు తప్పకుండా ఇదే రాస్తాను.

వ్యాఖ్య: పాత కావ్యాల్లో అరుదు అంటే ఆశ్చర్యం కూడా కదా. "అరుదెంచు" కూడా దాన్నుంచే పుట్టిందా?

జవాబు: ఆశ్చర్యం అన్న అర్థం ఉంది, నిజమే. "అరుదెంచు" మాత్రం వేరు అన్నా. అది "అరుగుదెంచు" నుంచి వచ్చింది. అరుగు అంటే వెళ్లు, నడుచు. ఈ పురుగుతో దానికి పనిలేదు.

వ్యాఖ్య: మరి "ముప్పుకు దగ్గర్లో" అన్నది పిల్లలకు ఎట్ల చెప్తరు సార్? అది మరీ ఆఫీసు కాగితం లెక్కుంది.

జవాబు: "తగ్గుముఖం పట్టింది" అని రాద్దామనుకుంటున్నాను. ఇప్పటికి చాలా చోట్ల ఉంది, కానీ సంఖ్య పడిపోతోంది. కారణం కూడా పక్కనే రాయాలి: ఎండిన చెట్లను కొట్టేసి, మోడులను వేళ్లతో సహా పెకలించి శుభ్రం చేసేస్తుంటే పిల్లపురుగుకు తిండీ లేదు, చోటూ లేదు. వాక్యం ఇలా కుదిరింది: "దుప్పికొమ్ము పురుగు యూరప్‌లో తగ్గుముఖం పట్టింది, దక్షిణ లండన్‌లో వేసవిలో అడపాదడపా కనిపిస్తుంది, డెన్మార్క్‌లో ఒకప్పుడు కలికానికి కూడా లేకుండా పోతే మళ్లీ తెచ్చి వదిలారు." ఇందులో ఏ మాటైనా మార్చాలనిపిస్తే చెప్పండి. శనివారం గోడకెక్కిస్తాం.