చిన్న కళాకేంద్రానికి చందాలు ఎట్లా అడగాలి? సాయానికి వచ్చినవాళ్ళు ఎందుకు నిలవడం లేదు?

గజ్జెల మూట (అనంతపురం):

అందరికీ నమస్కారం. పాతూరులో ఒక అద్దె మేడ మీద ఆరేళ్ళుగా చిన్న కళాకేంద్రం నడుపుతున్నాం. నేను, మా ఆయన, ఇంకో ఇద్దరు స్నేహితులు. చెక్కభజన, కోలాటం, హార్మోనియం, పౌరాణిక పద్యాలు నేర్పిస్తాం. 38 మంది పిల్లలు వస్తారు, ఎక్కువమంది ఆటో నడిపేవాళ్ళ పిల్లలు, మార్కెట్లో కూరగాయలు అమ్మేవాళ్ళ పిల్లలు. నెలకు 300 ఫీజు అని పెట్టాం గానీ కట్టగలిగేది 24 మందే, మిగతావాళ్ళను మేము అడగం. అంటే వచ్చేది 7,200. ఖర్చు చూస్తే అద్దె 9,000, ఇద్దరు గురువులకు కలిపి 8,000 (దాన్ని జీతం అనడానికి నాకు నోరు రాదు, ఒకాయన తాడిపత్రి నుంచి వారానికి మూడుసార్లు బస్సులో వచ్చిపోతారు), కరెంటు, నీళ్ళు, చిల్లర ఖర్చులు 2,500. నెలనెలా 12,300 తక్కువ పడుతుంది. ఇన్నాళ్ళూ మా నలుగురి జేబుల్లోంచి నెట్టుకొచ్చాం.

మొన్నటి వానకు స్లాబు కారింది. పొద్దున తాళం తీసి చూస్తే హార్మోనియం మీద కప్పిన దుప్పటి నీళ్ళు పీల్చుకుని బరువెక్కి ఉంది, చెక్క ఉబ్బిపోయి నాలుగు మెట్లు నొక్కితే పైకి లేవడం లేదు, ఇంకొక మెట్టు నొక్కకుండానే తిత్తి కదిలిస్తే చాలు మోగుతోంది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి దాన్ని పాత గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేసింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

పోయిన ఏడాది వార్షికోత్సవం పెట్టి టికెట్లు, ప్రకటనలు, చందాలు అన్నీ కలిపి 1,46,000 వసూలు చేశాం. హాలు, మైకు, లైట్లు, కళాకారుల రాకపోకలు, భోజనాలు, శాలువాలు, మెమెంటోలు అన్నీ పోను మిగిలింది 25,000. రెండు నెలలు క్లాసులు సగం పక్కన పెట్టి తిరిగితే వచ్చింది రెండు నెలల లోటుకే సరిపోయింది. ఈసారి ఒక పెద్దమనిషి మొత్తం ఖర్చు తానే పెట్టుకుంటానన్నారు, కానీ వేదిక వెనక ఫ్లెక్సీ మీద, గేటు మీద, పిల్లల టీషర్టుల మీద కూడా తన ఫొటో ఉండాలంటున్నారు. ఏం చెప్పాలో తెలియక వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

ఇంకో బాధ. ‘మేమున్నాం’ అని ఇరవై మంది వాట్సాప్ గ్రూపులో చేరారు, పని అనేసరికి వచ్చేది ముగ్గురు. తప్పు వాళ్ళదా, మాదా? ఇట్లాంటివి నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

అమ్మా, నేను మా ఊళ్ళో పద్యనాటకాల సమాజానికి 11 ఏళ్ళు కోశాధికారిగా ఉన్నాను, రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని ఎండలో తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. డబ్బు కోసం వార్షికోత్సవం పెట్టొద్దు. పిల్లలు వేదిక ఎక్కాలి, తల్లిదండ్రులు చూసి మురిసిపోవాలి, అందుకోసం పెట్టండి, చిన్నగా పెట్టండి. మీ లెక్కే చూడండి, 25,000 మిగలడానికి 1,21,000 ఖర్చయింది. శాలువాల డబ్బే మీకు నెల అద్దె అయ్యుంటుంది.

మీకు కావలసింది నెలకు 12,300. అరవై మంది తలా 200 ఇస్తే 12,000. రోజుకు ఏడు రూపాయలు కూడా కాదు, టీ తాగినా అంతకంటే ఎక్కువే అవుతుంది. మీ నలుగురూ కూర్చుని తలా ఇరవై పేర్లు రాయండి, వాళ్ళలో ఇరవై మంది కాదన్నా అరవై మంది మిగులుతారు. ఒకే తేదీన వెళ్ళాలి, ప్రతి నెలా అదే మనిషి వెళ్ళాలి. ఫోన్ పేలో వేస్తామన్నా సరే, రసీదు మాత్రం చేతికి ఇవ్వండి. రసీదు చేతిలో పడ్డాక వచ్చే నెల అడిగేటప్పుడు మాట సులువుగా వస్తుంది.

రెండోది, ‘కళను బతికించండి’ అని అడగొద్దు. ఆ మాటకు ఎవరైనా తల ఊపుతారు, జేబులో చెయ్యి పెట్టరు. మా నాటకాల్లో చదివింపులు చూసే ఉంటారు. పద్యం బాగా పాడగానే ఎవరో లేచి వంద నోటు ఇచ్చేవాడు, ‘ఫలానా వీధి ఫలానావారు తమ తల్లిగారి జ్ఞాపకార్థం’ అని మైకులో చదివేవాళ్ళం. ఆ పేరు మైకులో వినపడినప్పుడు ఆ మనిషి మొహం చూడాలి. మనవాళ్ళు పోయినవాళ్ళ పేరు మీద ఇస్తారు, పిల్లల పుట్టినరోజుకు ఇస్తారు. కాబట్టి వస్తువు పేరు పెట్టి అడగండి. ఒక నెల అద్దె 9,000. ఒక పిల్ల ఏడాది ఫీజు 3,600. హార్మోనియం మరమ్మతు ఇంత. ఇచ్చినవాళ్ళ పేరు మెట్ల దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయండి, పక్కనే ఆ నెల జమ, ఖర్చు. మా సమాజంలో ఒకసారి సభలో ఒకాయన లేచి లెక్కలు చూపించమన్నాడు. మేము పైసా తినలేదు, కానీ కాగితాలు మూడు ఇళ్ళలో ఉన్నాయి, ఆ పూట చూపించలేకపోయాం. మరుసటి నెల సగం మంది చందా ఆపేశారు. అది కూడగట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క గోడకు అంటించేవాళ్ళం.

టికెట్టు పెట్టడానికి మొహమాటపడొద్దు. మా కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక నాటకంతో మొదలైన సురభి కుటుంబాలు ఊరూరా డేరా వేసి, టికెట్టు డబ్బుతోనే తరాలు గడిపాయి. చూసేవాడు డబ్బిచ్చి చూడటంలో చిన్నతనం లేదు.

ఫొటో ఆయన సంగతి. ఫోన్ ఎత్తి మర్యాదగా చెప్పేయండి, ‘అయ్యా, మీ పేరు కూడా బల్ల మీద రాస్తాం, 200 ఇచ్చిన ఆమె పేరు ఎంత అక్షరాల్లో ఉంటుందో మీదీ అంతే.’ ఒప్పుకుంటే మంచిది. పిల్లల ఒంటి మీద మాత్రం ఎవరి బొమ్మా వద్దు తల్లీ. ఈ ఎన్నికలకు ఒకరి బొమ్మ వేస్తే వచ్చే ఎన్నికలకు ఇంకొకరు గేటుకు తాళం వేయిస్తారు.

తుంగభద్ర గాలి (కర్నూలు):

అక్కా, నేను చిన్న సంఘాలకు లెక్కలు రాస్తుంటాను, కాగితాల వరకు చెబుతాను. ముందుగా ఒకటి అడగాలి, సంఘం రిజిస్టర్ అయిందా? కాకపోతే ముందు ఆ పని. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి, మీరు నలుగురే కాబట్టి ఇంకో ముగ్గుర్ని చూసుకోండి, పిల్లల తల్లిదండ్రుల్లోంచి ఇద్దరిని తీసుకుంటే ఇంకా మంచిది. తర్వాత సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వచ్చేట్టు. ఇప్పుడు చందాలు మీ సొంత ఫోన్ పే నంబరుకు వస్తున్నాయేమో, అట్లయితే వెంటనే ఆపేయండి. మీరు ఎంత నిజాయితీగా ఉన్నా రేపు అది మీ సొంత ఆదాయంలా కనపడుతుంది.

80జీ (చందా ఇచ్చినవాళ్ళకు ఆదాయపన్నులో వచ్చే మినహాయింపు) గురించి అందరూ అడుగుతారు. అది రావాలంటే ఆదాయపన్ను శాఖ దగ్గర విడిగా నమోదు చేసుకోవాలి. వచ్చాక ఇచ్చినవాళ్ళకు సాధారణంగా ఇచ్చిన దాంట్లో సగం మీద మినహాయింపు ఉంటుంది, అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకే. 2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, అందుకే పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళను చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ అడగండి. నెలకు 200 ఇచ్చేవాళ్ళు దీనికోసం ఇవ్వరు, కాబట్టి 80జీ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

చాలామంది తెలియక ఇరుక్కునేది అమెరికా డబ్బు దగ్గర. మన సీమలో ఏ వీధిలో చూసినా ఒకరి కొడుకో కూతురో అక్కడ ఉన్నారు, మనసున్నవాళ్ళు పంపిస్తామంటారు. భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంఘం పెట్టి మూడేళ్ళు దాటాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో కనీసం 15 లక్షలు సంఘం ఆశయాల మీద ఖర్చు పెట్టి ఉండాలి, మీ స్థాయికి అది ఇప్పట్లో కుదరదు. కాబట్టి ‘బాబూ, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది’ అని ముందే అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

టవర్ క్లాక్ టీచరమ్మ (అనంతపురం):

పైవాళ్ళు డబ్బు గురించి చెప్పారు, నేను మనుషుల గురించి చెబుతాను. నేను రిటైరైన కొత్తలో ఒకచోట సాయం చేద్దామని వెళ్ళాను. ‘రండి మేడమ్, కూర్చోండి’ అని కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, రెండు గంటలు కూర్చున్నాను. అందరూ నా ముందు నుంచి అటూ ఇటూ పరుగెడుతున్నారు గానీ ఇది పట్టుకోండి అన్నవాళ్ళు లేరు. రెండో వారం వెళ్ళలేదు. అట్లాంటప్పుడు వచ్చిన మనిషికి ‘నేను ఇక్కడ అక్కర్లేదు’ అనిపిస్తుంది తల్లీ, బద్ధకం కాదు అది. మీ గ్రూపులో మౌనంగా ఉన్న పదిహేడు మందిలో చాలామంది అట్లాగే ఉండి ఉంటారు.

‘ఎవరైనా వస్తారా’ అని గ్రూపులో పెడితే ఎవరూ రారు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి పేరు పెట్టి పని చెప్పండి. శనివారం 5 నుంచి 6 వరకు హాజరు పుస్తకం మీది. గజ్జెలు లెక్కపెట్టి డబ్బాలో పెట్టేది మీరు. తాడిపత్రి గురువుగారిని బస్టాండు నుంచి బండి మీద తీసుకొచ్చేది మీరు. గంట పని, నెలకు రెండుసార్లు, మూడు నెలలకే అడగండి. మూడు నెలలయ్యాక ‘ఇంక చాలు’ అంటే నవ్వుతూ పంపించండి, వాళ్ళే మళ్ళీ వస్తారు.

కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ పిల్లలు ఉంటారు. వాళ్ళు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి. ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కలిసి, గంటలు నమోదు చేసి సంతకం పెట్టి ఇస్తామని చెప్పండి. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, కొత్తగా వచ్చిన మనిషిని ఎవరినైనా సరే పిల్లలతో ఒంటరిగా గదిలో ఉంచొద్దు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి.

ప్రొద్దుటూరు అన్న చెప్పిన నల్లబల్ల నాకు చాలా నచ్చింది. కానీ ఒక పిల్ల ఫీజు ఫలానావారు కట్టారు అన్నప్పుడు ఆ పిల్ల పేరు ఎక్కడా రాకూడదు, దాతకు కూడా తెలియకూడదు. దాత వచ్చినప్పుడు ఆ పిల్లను ముందుకు పిలిచి దండం పెట్టించడం నా కళ్ళతో చూశాను. ఆ పిల్ల తర్వాతి వారం రాలేదు.

ధర్మవరం మగ్గం:

అందరి మాటలూ చదివాను. నా వంతు ఒకటే. కళాకారుల్ని ఉచితంగా రమ్మని పిలవొద్దు అక్కా, మంచి పని కోసమైనా సరే. మా మండలంలో నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి కళాకారుల్లో ఒకరిని ఆదివారం పూట పిలిచి పిల్లలకు, పెద్దలకు బొమ్మ కోయడం నేర్పించండి. తలా 300 పెట్టి, అందులోంచి ముందు ఆయన కూలి, దారి ఖర్చు, తోలు ఖర్చు ఇచ్చి, మిగిలింది కేంద్రానికి. మేము మా వీధిలో ఇట్లా చేశాం. మేకతోలు పలచగా గీకి ఆరబెట్టి తెచ్చారు, దీపానికి అడ్డం పెడితే వేళ్ళ నీడ అవతల కనపడేంత పలచన. చిన్న ఉలితో నగల చోట చుక్కలు చుక్కలుగా చిల్లులు కొట్టి, రంగులు వేసి, తెల్ల పంచె వెనక దీపం పెట్టి చూపించేసరికి మా నాయన, డెబ్బై దాటిన మనిషి, నేల మీద కూర్చుండిపోయినాడు. చివర్లో ఎవరూ అడక్కుండానే పళ్ళెంలో డబ్బులు పడ్డాయి.

మైకు పెడితే పోలీసు అనుమతి ముందే తీసుకోండి, రాత్రి 10 దాటితే ఎట్లాగూ మైకు పెట్టకూడదు.

గజ్జెల మూట (అనంతపురం):

అందరికీ చేతులెత్తి దండాలు. నిన్న రాత్రి నలుగురం కూర్చుని పేర్లు రాశాం, 80 అనుకుంటే 71 వచ్చాయి. పొద్దున మా సందు చివర బజ్జీల బండి పెట్టుకున్న ఆమె దగ్గర మొదలుపెట్టాను, ఎందుకంటే ఆమె మనవడు మా దగ్గర చెక్కలు పట్టుకుంటాడు, ఫీజు కట్టలేని పిల్లల్లో వాడొకడు. అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆమె నూనె చెయ్యి కొంగుకు తుడుచుకుని, వంద తీసి ఇచ్చి, ‘నా పేరు వద్దు, మా ఆయన పేరు రాయమ్మా, పోయి మూడేళ్ళయింది’ అంది. రసీదు రాస్తుంటే నా చెయ్యి వణికింది.

పెద్దమనిషికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆలోచించి చెబుతానన్నారు.

టీచరమ్మా, గ్రూపులో ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకతను బస్టాండు డ్యూటీ ఒప్పుకున్నాడు. ‘ఇన్నాళ్ళూ నన్ను ఎవరూ అడగలేదు మేడమ్’ అన్నాడు. కర్నూలు తమ్ముడూ, సంఘం కాగితాలు చూసుకున్నాం, రిజిస్టర్ అయింది గానీ కార్యవర్గ జాబితా రెండేళ్ళుగా ఇవ్వలేదు, సోమవారం ఆ పని మీద వెళ్తున్నాం. సంఘం పేరు మీద ఖాతా కూడా తెరుస్తాం.

ఇంకొక్క సాయం కావాలి. హార్మోనియం మెట్లు, తిత్తి బాగుచేసేవాళ్ళు అనంతపురం, కడప, కర్నూలు ఎక్కడ ఉన్నా ఊరు పేరు చెప్పండి, బండి మీద పెట్టుకుని మేమే తెస్తాం. పిల్లలు ప్రస్తుతం శ్రుతి ఫోన్లో పెట్టుకుని పాడుతున్నారు.