‘వారసత్వ ప్రదక్షిణ’ అనొచ్చా? నెల్లూరు నడకకు పేరు కావాలి

అడిగినవారు: నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథుడి గుడి, పెన్న ఒడ్డు, మూలాపేటలో మూలస్థానేశ్వరుడి గుడి చూసుకుని, ట్రంక్ రోడ్డు మీదుగా మళ్ళీ స్టేషన్‌కే చేరేలా ఒక పూట నడక పెట్టుకుంటున్నాం. కరపత్రంలో ‘హెరిటేజ్ వాక్’ అని వేస్తానంటే మా నాన్న ఒప్పుకోవడం లేదు. అందుకని ‘వారసత్వ ప్రదక్షిణ’ అని రాశాను. కుదిరిందా?

సంతపేట వాసి: వారసత్వం అనగానే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది పొలం పంపకాలు. ప్రదక్షిణ అంటే ఇప్పుడు గుళ్ళో కన్నా ఆఫీసుల చుట్టూ చేసేదే ఎక్కువ. రెండూ కలిపితే, తండ్రి పాసుపుస్తకం తన పేరుకు మార్పించుకోవడానికి కొడుకు తిరిగే తిరుగుడులా ఉందన్నా.

ఒంగోలు తెలుగు మాస్టారు: ఆయన అన్నది నవ్వులాటకే అయినా, ఆ మాట సరిపోదనడం నిజం. దక్షిణం అంటే దిక్కు ఒక్కటే కాదు, కుడి వైపు కూడా. దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగితేనే ప్రదక్షిణ. అంటే నడుమ ఒకటి ఉండాలి, దాని చుట్టూ తిరగాలి. మీ నడకలో గుళ్ళు దారి మీదే ఉన్నాయి, నడుమ ఉండేవి ఇళ్ళూ అంగళ్ళూ. ప్రదక్షిణకు మన పాత తెలుగు మాట ‘వలగొను’. వల అంటే కుడి. వలకేలు కుడిచెయ్యి, డాకేలు ఎడమచెయ్యి. కావ్యాలు చదివినవాళ్ళకు ‘వలగొని’ కొత్త కాదు. బయట మాత్రం ఎవరి నోటా వినపడదు.

కావలి రైతుబిడ్డ: పూర్తిగా పోలేదు మాస్టారూ. కాడికి కుడి పక్క కట్టేది ఎలపటెద్దు, ఎడమ పక్కది దాపటెద్దు. మీ వల, డా ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. అలవాటు పడిన ఎద్దుల్ని పక్కలు మార్చి కడితే అరక సాగేది కాదు. ట్రాక్టర్లొచ్చాక ఎద్దులతోపాటు ఈ మాటలూ పోతున్నాయి, అది నా బాధ.

అడిగినవారు: వలగొను భలే ఉంది సార్. కానీ ‘వలగొందాం రండి’ అని అచ్చేస్తే చేపల వల కొనమంటున్నాం అనుకుంటారు. పెన్న పక్కనే కదా!

గూడూరు అమ్మాయి: ఊరేగింపు? ఊరు, ఏగు. ఏగు అంటే వెళ్ళు. విడదీసి చూస్తే మీరు చేసేది అదే.

సంతపేట వాసి: మేళం, పల్లకీ ఎవరు తెస్తారమ్మా?

ఒంగోలు తెలుగు మాస్టారు: పేరు ఏదైనా పెట్టుకోండి, కరపత్రంలో తిక్కన లేకపోతే మాత్రం బాగుండదు. నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కొలువులో ఉండి, మహాభారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెనిగించినవాడు. మీరు వెళ్ళేదేమో విష్ణువు గుడి నుంచి శివుడి గుడికి. విరాటపర్వం మొదటి పద్యంలోనే ‘విష్ణురూపాయ నమశ్శివాయ’ అన్నాడాయన. దీన్ని చాలామంది ‘విష్ణువుకూ శివుడికీ నమస్కారం’ అని చెప్పేస్తారు. అక్కడ ఉన్నది ఒక్క నమస్కారమే. రెండు పదాలూ చతుర్థీ విభక్తిలో ఉన్నాయి, మొదటిది రెండోదానికి విశేషణం. ‘విష్ణురూపుడైన శివుడికి నమస్కారం’ అని అర్థం. ‘కూ, కీ’ అని విడదీస్తే ఇద్దరు దేవుళ్ళవుతారు. ఆయన భారతాన్ని అంకితమిచ్చిందేమో హరిహరనాథుడికి! రెండు గుళ్ళ మధ్య ఎక్కడైనా ఆగి ఆ పద్యం చదివించండి. రాగం తీయకపోయినా ఫర్వాలేదు, పదాలు విరిచి చదివితే చాలు.

గూడూరు అమ్మాయి: మూలాపేటలో నెల్లి చెట్టు కథ కూడా చెప్పించండి. లింగం నెల్లి చెట్టు కింద, అంటే ఉసిరి చెట్టు కింద దొరికిందనీ, అందుకే నెల్లూరు అయిందనీ స్థలపురాణం.

కావలి రైతుబిడ్డ: తమిళంలో నెల్ అంటే వడ్లు. మొలగొలుకులనే వరి రకానికి పేరుపడ్డ ఊరికి అదే సరైన పేరని మావాళ్ళ వాదన.

ఒంగోలు తెలుగు మాస్టారు: రెండూ చెప్పండి. కథను కథగా చెప్పాలి, చరిత్ర అనకూడదు, అంతే.

సంతపేట వాసి: మేమైతే ‘ఊరొక చుట్టు చుట్టొద్దాం పా’ అంటాం. నడక, గుండ్రం, తిరిగి రావడం అన్నీ అందులోనే ఉన్నాయి. ‘చుట్టు’ చాలదా?

గూడూరు అమ్మాయి: గోరుచుట్టు గుర్తొస్తోంది!

అడిగినవారు: రానీండి. ‘నెల్లూరు ఒక చుట్టు’ ఖాయం. నాన్నకూ నచ్చింది. కింద చిన్న అక్షరాల్లో తిక్కన మాట వేస్తాం.

ఒంగోలు తెలుగు మాస్టారు: ‘చుట్టు’ అని హ్రస్వమే ఉండాలి. ప్రెస్సువాళ్ళు అలవాటుకొద్దీ ‘చుట్టూ’ అని దీర్ఘం పెట్టి, మధ్యలో ‘ఒక’ తీసేశారంటే ‘నెల్లూరు చుట్టూ’ అవుతుంది. అప్పుడు జనం ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీద నడవాలేమో అనుకుంటారు. ప్రూఫు మీరే చూసుకోండి.