రెప్లికేషన్ మార్గదర్శినిలో భాష దిద్దేటప్పుడు ఎంతవరకు ముట్టుకోవచ్చు?

నాగావళి (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మా సంస్థ ప్రైమరీ సర్వర్ (లావాదేవీలు ముందుగా నమోదయ్యేది) శ్రీకాకుళంలోనూ, దాని స్టాండ్‌బై (ఆ మార్పులను అందుకుంటూ సిద్ధంగా ఉండే నకలు సర్వర్) పలాస శాఖలోనూ ఉన్నాయి. రెండూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. రాత్రి విధుల్లో ఉండే ఆపరేటర్ల కోసం రాసిన తెలుగు మార్గదర్శినిలో భాషను సరిచూసే పని నాకు అప్పగించారు. అక్షరదోషాలు, విభక్తుల తప్పులు దిద్దడం కష్టం కాదు. అయితే కొన్ని వాక్యాల్లో వ్యాకరణం సరిచేస్తే అర్థమే మారిపోతుందేమోనని సందేహంగా ఉంది. సింక్రనస్ రెప్లికేషన్ (స్టాండ్‌బై జవాబు వచ్చేదాకా ప్రైమరీ ఆగే నకలు పద్ధతి) అధ్యాయంలో, మార్పుల చిట్టా అయిన లాగ్ గురించీ, లావాదేవీని ఖాయం చేసే కమిట్ గురించీ ఇలా ఉంది: "స్టాండ్‌బై లాగ్‌ను డిస్క్‌పై రాసి కమిట్ పూర్తవుతుంది." మరోచోట, స్టాండ్‌బై ఎంతవరకు లాగ్ అందుకుందో ప్రైమరీలో గుర్తుంచుకునే ‘స్లాట్’ గురించి: "స్లాట్ ఉన్నప్పుడు అది అందుకునేవరకు లాగ్ ఫైళ్లు తొలగించబడవు, దీనివల్ల అది నిండిపోవచ్చు." మొదటిది చెవికి ఎబ్బెట్టుగా ఉంది, రెండోదానిలో ‘అది’ ఏదో తేలడం లేదు. వీటిని నేనే దిద్దవచ్చా, సాంకేతిక బృందానికి తిప్పి పంపాలా?

వంశధార:
నాగావళి గారూ, మొదటి వాక్యంలో ‘రాసి’ అన్న క్త్వార్థకానికీ, ‘పూర్తవుతుంది’ అన్న ప్రధాన క్రియకూ కర్తలు వేరు. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’ వంటి వాక్యాలు కార్యకారణ సంబంధం వల్ల చెల్లుతాయి కాబట్టి ఇదీ చెల్లుతుందని ఎవరైనా వాదించవచ్చు. కానీ ఇక్కడ ‘రాసిన తరువాత’ అని మార్చినా దోషం పోదు, ఎందుకంటే తప్పు భాషలోనే కాదు, చెప్పిన విషయంలోనూ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రైమరీ కమిట్ రికార్డును ముందుగా తన డిస్క్‌పైనే రాసుకొని, ఆ తరువాత స్టాండ్‌బై జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఆ నిరీక్షణను మధ్యలో ఎవరైనా రద్దు చేస్తే లావాదేవీ వెనక్కి పోదు. స్థానికంగా కమిట్ అయిందనీ, స్టాండ్‌బైకి చేరి ఉండకపోవచ్చనీ సర్వర్ హెచ్చరిస్తుంది. మీ మార్గదర్శిని చదివిన ఆపరేటర్ మాత్రం కమిట్ కాలేదనుకొని అదే చెల్లింపును మళ్లీ నమోదు చేసే ప్రమాదం ఉంది.

నేనైతే ఇలా రాస్తాను: "ప్రైమరీ కమిట్ రికార్డును తన డిస్క్‌పై రాస్తుంది. స్టాండ్‌బై కూడా దానిని తన డిస్క్‌పై రాసి, ఆ సంగతి ప్రైమరీకి తెలుపుతుంది. ఆ కబురు అందాకే ప్రైమరీ, కమిట్ పూర్తయిందని క్లయింట్‌కు (లావాదేవీని పంపిన ప్రోగ్రామ్‌కు) చెబుతుంది." ఇందులో ప్రతి క్రియకూ చేసేదెవరో తెలుస్తుంది. రెండు యంత్రాలున్న చోట కర్తను దాచే వాక్యం ఎంత సొగసుగా ఉన్నా పనికిరాదు.

ఇంకో మనవి. ఒకే క్రియ పదేపదే వస్తోందని పర్యాయపదాలు వేయకండి. సింక్రనస్ కమిట్ సెట్టింగ్ ‘ఆన్’లో ఉంటే స్టాండ్‌బై లాగ్‌ను డిస్క్‌పై రాస్తే చాలు, 2016లో 9.6 వెర్షన్‌తో వచ్చిన ‘రిమోట్ అప్లై’లో ఆ మార్పును డేటాకు వర్తింపజేసే వరకు ఆగాలి. ‘రాయడం’, ‘వర్తింపజేయడం’ అన్నవి వేర్వేరు హామీలు. మొదటిదాంట్లో కమిట్ అయిన డేటా వరుస స్టాండ్‌బైలో చదివేవారికి ఇంకా కనబడకపోవచ్చు.

చంపావతి (విజయనగరం):
‘అది’ని మార్గదర్శిని అంతటా వెతికి తీసివేయండి. ప్రైమరీ, స్టాండ్‌బై, స్లాట్, డిస్క్ అన్నింటికీ క్రియ ‘-ంది’తోనే ముగుస్తుంది కనుక చదివేవారికి పోల్చుకునే ఆధారం ఉండదు.

మీ రెండో వాక్యంలో నిండేది ప్రైమరీ డిస్క్. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి స్థితిలో పలాస స్టాండ్‌బై ఆగిపోతే, అది అందుకోని లాగ్ అంతా స్లాట్ కారణంగా శ్రీకాకుళంలోనే పేరుకుపోతుంది. అక్కడి డిస్క్ నిండితే ప్రైమరీయే ఆగిపోతుంది. ‘అది’ అంటే స్టాండ్‌బై అనుకున్న ఆపరేటర్ పలాస వైపు చూస్తూ కూర్చుంటాడు. 2020లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి స్లాట్ కోసం నిలిపే లాగ్‌కు పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది, కానీ మనం పెట్టనంతవరకు పరిమితి లేనట్టే. పరిమితి దాటితే స్లాట్ చెల్లకుండా పోవచ్చు. లాగ్ ఆర్కైవ్ (పాత లాగ్‌ను వేరేచోట దాచిన నిల్వ) లేకపోతే స్టాండ్‌బైని మళ్లీ మొదటినుంచి నిర్మించాల్సి వస్తుంది. ఈ సంగతీ ఆ పేరాలోనే ఉండాలి.

‘-వచ్చు’ను కూడా చూసుకోండి. ‘డిస్క్ నిండిపోవచ్చు’ అంటే సంభావ్యత. ‘స్లాట్‌ను తొలగించవచ్చు’ అంటే అనుమతి.

గోస్తనీ:
కామా, విభక్తి, సంధి దిద్దుబాట్లను ఒక మార్పుగా, కర్తను తేల్చే మార్పులను మరొకటిగా పంపండి. రెండూ కలిపితే సమీక్షించేవారు అన్నింటినీ అచ్చుతప్పులుగానే చూసి ఆమోదించేస్తారు. ఆదేశాలనూ, సర్వర్ ఇచ్చే సందేశాలనూ మాత్రం అక్షరం కూడా మార్చకండి. ఆపరేటర్ తెరమీద కనబడినదాన్ని యథాతథంగా వెతుక్కుంటాడు.

నాగావళి:
ముగ్గురికీ కృతజ్ఞతలు. అచ్చుతప్పుల మార్పును ఈరోజే పంపుతాను. చంపావతి గారూ, ‘డిస్క్ నిండితే స్లాట్‌ను తొలగించవచ్చు’ అన్న వాక్యం మా అత్యవసర చర్యల పేజీలో నిజంగానే ఉంది. తొలగిస్తే పలాస స్టాండ్‌బైకి ఏమవుతుందో, తొలగించే ముందు ఎవరి అనుమతి తీసుకోవాలో అందులో లేదు. ఆ రెండూ సాంకేతిక బృందాన్ని అడిగి రాయించుకున్నాకే ఆ వాక్యాన్ని ముట్టుకుంటాను.