3.4 పుల్లీ వేశాక ఎండలో నాక్ రిటార్డ్ 8 డిగ్రీలు, ట్యూన్‌లో ఏం మార్చాలి?

కొలంబస్_కుర్రోడు:
అందరికీ నమస్తే. నాది 2002 పాంటియాక్ గ్రాండ్ ప్రి జీటీపీ, 3800 వీ6, పైన ఈటన్ ఎం90 సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే బ్లోయర్). ఎంఎస్ చేసేటప్పుడు సీనియర్ దగ్గర కొన్నా, ఉద్యోగం వచ్చినా అమ్మబుద్ధి కావట్లేదు. మార్చిలో దాన్ని తిప్పే కంపెనీ 3.8 అంగుళాల పుల్లీ తీసేసి 3.4 వేశా, ఎయిర్ బాక్స్ పీకి ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టా, ఆన్‌లైన్‌లో ఒకతను నా లాగ్స్ చూసి ట్యూన్ ఫైల్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్స్) పంపాడు. అప్పుడు చలి కదా, బండి రాకెట్టే. ఇప్పుడు జూలై, బయట 92 ఫారెన్‌హీట్. రెండో గేర్‌లో ఫుల్‌గా తొక్కితే ముందు బాగానే లాగుతుంది, 4,500 ఆర్‌పీఎం దాటగానే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టు ఆగిపోతుంది. స్కానర్ పెట్టి చూస్తే నాక్ రిటార్డ్ (లోపల పెట్రోల్ తనంతట తానే పేలుతోందని కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగడం) 8 డిగ్రీలు. పోసేది 93 ఆక్టేన్ పెట్రోలే. ట్యూన్ పంపినతన్ని అడిగితే ఈ ఇంజిన్లలో నాక్ సెన్సార్లు ఊరికే భయపడతాయి, సెన్సిటివిటీ తగ్గించేద్దాం అంటున్నాడు. నాకేమో ఫ్యూయల్ కాస్త పెంచితే చాలేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

పాతబండి_ప్రేమికుడు:
సెన్సిటివిటీ జోలికి మాత్రం వెళ్ళకు తమ్ముడూ. తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది, మనం స్టూల్ ఎక్కి బ్యాటరీ పీకేస్తాం, అది వేరే సంగతి. ఇక్కడ వచ్చేది తాలింపు పొగో, ఇల్లు తగలబడుతోందో తేలకుండా బ్యాటరీ పీకమంటున్నాడు అతను.

ముందు అది తేల్చుకో. ఉత్తుత్తి నాక్ అంటే ఇనుముకి ఇనుము కొట్టుకునే చప్పుడు, డౌన్‌పైప్ (పొగ గొట్టం) బాడీకి తగలడం, పైన డాగ్‌బోన్ మౌంట్ల (ఇంజిన్‌ని కదలకుండా పట్టుకునేవి) రబ్బరు అరిగిపోవడం లాంటివి. ఆ చప్పుడుకి చలీ ఎండా తేడా ఉండదు. కాబట్టి ఒకే ట్యాంక్ పెట్రోల్ మీద పొద్దున 6 గంటలకి ఒక రన్, మధ్యాహ్నం 3 గంటలకి ఇంకో రన్ లాగ్ చెయ్. రెండిట్లోనూ ఒకేలా వస్తే కిందకి దూరి మౌంట్లు చూడు. మధ్యాహ్నమే పెరిగితే అది అసలు నాకే, ఇంజిన్ నిజంగానే ఏడుస్తోంది.

ఎందుకేడుస్తుందంటే, 3.8 బదులు 3.4 పెట్టావంటే బ్లోయర్ సుమారు 12 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఎం90 రూట్స్ టైపు, తిప్పేకొద్దీ బూస్ట్‌తో (గాలి ఒత్తిడితో) పాటు వేడి కూడా ఊదుతుంది, పైగా ఈ ఇంజిన్‌కి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కంపెనీ నుంచి లేదు. ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు, గాలి వేడి కొలిచే ఐఏటీ సెన్సార్ బ్లోయర్ కంటే ముందు ఉంటుంది. బ్లోయర్ దాటాక గాలి ఎంత కాలిపోతోందో కంప్యూటర్‌కి తెలిసే దారే లేదు. మార్చి చలిలో చేసిన టైమింగ్ టేబుల్‌ని జూలైలో అలాగే నడిపిస్తున్నావు, ఆ కోన్ ఫిల్టర్ బానెట్ కింద రేడియేటర్ వేడి గాలినే పీలుస్తోంది.

డెట్రాయిట్_గ్యారేజ్:
పై అన్న చెప్పింది కరెక్టే. ఫ్యూయల్ గురించి నేను చెప్తా. నీకు వైడ్‌బ్యాండ్ (గాలి, పెట్రోల్ పాళ్ళు కచ్చితంగా చూపే సెన్సార్) ఉందా? లేకపోతే ఫ్యూయల్ పెంచడం తగ్గించడం అంతా చీకట్లో బాణం వేయడమే. బండితో వచ్చిన ఆక్సిజన్ సెన్సార్ 14.7 (ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి) చుట్టుపక్కల మాత్రమే నమ్మకస్తుడు, బూస్ట్‌లో నువ్వు ఉండాల్సింది 11.5 దగ్గర, అక్కడ అది చెప్పే మిల్లీవోల్ట్‌లు చూసి ట్యూన్ చేయకూడదు. ఇప్పటికే రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉంటే ఇంకా పోస్తే పవర్ పోతుంది తప్ప నాక్ తగ్గదు.

ట్యూన్‌లో నీ చేతిలో ఉన్నది టైమింగ్. టైమింగ్ టేబుల్‌లో బూస్ట్ ఉన్న సెల్స్‌లో 3 డిగ్రీలు తీసి చూడు. కంప్యూటర్ 8 డిగ్రీలు లాగేసుకుని మెల్లగా తిరిగిస్తుంది, నువ్వే ముందుగా 3 తగ్గిస్తే మొత్తం మీద బండి ఇంకా స్పీడుగానే పోతుంది. అలాగే 195 ఫారెన్‌హీట్ థర్మోస్టాట్ తీసి 180ది, ఒక రేంజ్ చల్లటి స్పార్క్ ప్లగ్స్. ఇవి చేయకుండా ఎవరైనా 3.4 వేయమంటే నవ్వి ఊరుకో. పుల్లీ చౌక కదా అని అందరూ దానితోనే మొదలెడతారు, అదేమో ఆఖర్న వేయాల్సింది. తర్వాత హెడర్స్ (పొగ సులువుగా బయటికి పోయే గొట్టాలు) వేసినప్పుడు బూస్ట్ గేజ్ ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గితే కంగారు పడకు, ఇంజిన్ బాగా ఊపిరి పీలుస్తోందని అర్థం.

ఈఎంఐ_మూర్తి:
ఇరవై ఏళ్ళు దాటిన బండికి ఇంత సేవా? అమ్మేసి కామ్రీ కొనుక్కో బ్రో, ప్రశాంతంగా నిద్రపోతావు.

పాతబండి_ప్రేమికుడు:
మూర్తి గారూ, మీరు ప్రతి థ్రెడ్‌లోనూ కామ్రీయే కొనిపిస్తారు. తమ్ముడూ, గేర్‌బాక్స్ సంగతి కూడా మనసులో పెట్టుకో. నేనూ నీలాగే ముందు పుల్లీ మార్చి, పాత ఆయిల్ మీదే తొక్కీ తొక్కీ నా చేతులారా ఒకటి పోగొట్టుకున్నా.

కొలంబస్_కుర్రోడు:
అప్‌డేట్. శనివారం పొద్దున రన్‌లో 2.5 డిగ్రీలు, మధ్యాహ్నం 8.3. అప్పటికే గుండె జారింది, అయినా ముందు వైపు మూడు ప్లగ్‌లు విప్పా. మధ్యదాని తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు, కొన్ని మెరుస్తున్నాయి. గూగుల్ చేస్తే పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం కావచ్చట. తాలింపు కాదన్నా, మంటే.

పుల్లీ పీకే పుల్లర్ అద్దెకి తెచ్చి రాత్రికి రాత్రే 3.8 మళ్ళీ ఎక్కించా, పాత ఎయిర్ బాక్స్ కూడా పెట్టేశా. నిన్న అదే ఎండలో రెండు రన్‌లు తీస్తే ఒకదాంట్లో సున్నా, ఇంకోదాంట్లో 1.2. తమాషా ఏంటంటే 4,500 పైన ఇప్పుడే బాగా లాగుతోంది. వైడ్‌బ్యాండ్, థర్మోస్టాట్, ప్లగ్స్ ఆర్డర్ పెట్టా. అవి వచ్చాక 3.5తో మొదలెడదామనుకుంటున్నా, ఓహైయోలో ఎవరి దగ్గరైనా వాడేసింది పడుంటే చెప్పండి, వచ్చి తీసుకుంటా. వెనక ప్లగ్‌లు విప్పాలంటే డాగ్‌బోన్‌లు తీసి ఇంజిన్‌ని ముందుకి వంచాలట కదా, ఆ పనికి వచ్చే ఆదివారం ఒక చెయ్యి సాయం దొరికితే బిర్యానీ నాది.